లియోనోర్ తెలెస్ జీవితం, కుటుంబం: తరచుగా అడిగే ప్రశ్నలు

లియోనోర్ తెలెస్ ఎవరు?

పద్నాలుగో శతాబ్దపు పోర్చుగల్‌లో ఒక పెద్దింటి ఆడపడుచు. పెళ్లయి, కొడుకు పుట్టాక రాజు ఫెర్నాండో కంట పడింది. 1372లో ఆయన్ని పెళ్లాడి రాణి అయింది. 1383 అక్టోబర్‌లో రాజు చనిపోయాక కూతురి పేరు మీద రాజ్యభారం తీసుకుంది. మూడు నెలలు తిరగకుండానే అది చేజారింది. చివరికి సొంత అల్లుడే ఆమెను పొరుగు దేశమైన కాస్టీల్‌కు (ఇప్పటి స్పెయిన్‌లో భాగం), అక్కడి ఒక కాన్వెంటుకు, అంటే క్రైస్తవ సన్యాసినుల మఠానికి పంపేశాడు.

పోర్చుగల్ చరిత్రలో ఇంతగా తిట్లు తిన్న రాణి మరొకరు లేరు. ద్రోహి అన్నారు, కులట అన్నారు, అక్కను చంపించిందన్నారు. ఈ మాటలన్నీ ఆమె ఓడిపోయాక, గెలిచినవాళ్ల కొలువులో రాతకెక్కాయి. అందుకే ఈ పేజీలో జవాబులు చదివేటప్పుడు ఏది ఒప్పంద పత్రాల్లో దొరికే సంగతో, ఏది గిట్టనివాళ్లు చెప్పిన సంగతో విడదీసి చూడమని కోరుతున్నాను.

ఆమె పుట్టింటివాళ్లు ఎవరు?

మెనెజెస్ వంశం. అప్పటి పోర్చుగల్, కాస్టీల్ రాజ్యాలు రెండింటిలోనూ భూములు, చుట్టరికాలు ఉన్న ఇల్లు. ఆ రోజుల్లో పెద్ద కుటుంబాలకు సరిహద్దు అడ్డుగోడ కాదు. అన్న ఒక రాజు కొలువులో, తమ్ముడు ఇంకో రాజు కొలువులో ఉండటం మామూలే.

తండ్రి మార్తిం అఫోన్సో తెలో. తల్లి ఆల్డోన్సా ఆనెస్ ద వాస్కోన్సెలోస్. లియోనోర్ 1350 ప్రాంతంలో, దేశానికి ఈశాన్యాన ఉన్న త్రాస్-ఓస్-మోంతెస్ కొండ ప్రాంతంలో పుట్టిందని చెబుతారు. తండ్రి వైపు నుంచి ఆమెలో రాజరక్తం కూడా ఉంది. పోర్చుగల్ రెండో రాజు సాంచోకు, ఆయన మనసు దోచిన మరియా పాయిస్ రిబేరాకు పుట్టిన తెరెసా సాంచెస్ ఈ మెనెజెస్ ఇంటి కోడలిగా వచ్చింది. కాబట్టి లియోనోర్‌ను ఊరూ పేరూ లేని మనిషిగా చూపించే కథలను పక్కన పెట్టొచ్చు. రాజకుమారి కాదు, అంతే. దేశంలోని మొదటి వరస కుటుంబాల్లో ఒకదాని బిడ్డ.

తండ్రి చావు గురించి తప్పకుండా చెప్పుకోవాలి. ఆయన కాస్టీల్ రాజమాత మరియా కొలువులో పెద్ద అధికారి. ఆ రాజమాత పోర్చుగల్ ఆడపడుచే. ఆమెకూ కొడుకు పెద్రో రాజుకూ పడలేదు. 1356 జనవరిలో పెద్రో తోరో పట్టణాన్ని పట్టుకున్నప్పుడు తల్లి కళ్లెదుటే ఆమె మనుషులను నరికించాడు. చచ్చిపోయినవాళ్లలో మార్తిం అఫోన్సో ఒకడు. ఆయనకూ రాజమాతకూ సంబంధం ఉందన్న పుకారు అప్పట్లోనే ఉంది. అప్పటికి లియోనోర్ చిన్నపిల్ల. పాతికేళ్ల తర్వాత ఇలాంటి పుకారే ఆమె మెడకూ చుట్టుకుంది.

తండ్రి పోయాక ఇంటికి పెద్దదిక్కు బాబాయి జువావ్ అఫోన్సో తెలో. బార్సెలోస్ కౌంటు, తర్వాత ఓరేం కౌంటు కూడా (కౌంటు అంటే పెద్ద ప్రభువుల బిరుదు). ఫెర్నాండో రాజు ఆంతరంగికుల్లో ముఖ్యుడు. లియోనోర్‌కు అక్క మరియా, అన్నదమ్ములు జువావ్ అఫోన్సో, గొన్సాలో ఉన్నారు. తండ్రికి వేరే స్త్రీ వల్ల పుట్టిన జువానా అనే సోదరి కూడా ఉంది.

మొదటి పెళ్లి ఎవరితో జరిగింది?

పోంబేరో ప్రభువు జువావ్ లొరెన్సో ద కూన్యాతో, చిన్న వయసులోనే జరిగింది. వాళ్ల కొడుకు పేరు ఆల్వారో. తర్వాతి కాలంలో పోంబేరో అతనికే దక్కింది.

రాజుతో పెళ్లికి ముందు ఈ పెళ్లి చెల్లదని తేల్చారు. భార్యాభర్తలు దగ్గరి చుట్టాలు, చర్చి అనుమతి సరిగా లేదు అన్నది కారణం. ఇది వినడానికి సాకులా ఉంటుంది కానీ ఆనాటి యూరప్‌లో కులీనుల పెళ్లిళ్లు ఎన్నో ఇదే దారిలో రద్దయ్యాయి. అందరూ అందరికీ ఏదో వరసలో చుట్టాలే కాబట్టి, కావాలనుకున్నప్పుడు చుట్టరికం బయటికి తీయడం తేలిక. భర్త కాస్టీల్‌కు వెళ్లిపోయాడు. అతను బతికి ఉండటమే పదమూడేళ్ల తర్వాత లియోనోర్ కూతురికి ఎసరు తెచ్చింది. ఆ సంగతి కింద వస్తుంది.

ఫెర్నాండో రాజుకు అప్పటికే వేరే సంబంధం కుదరలేదా?

కుదిరింది, అదీ ఒకటికి రెండు. ముందు ఆరగాన్ రాజకుమారి లియోనోర్‌తో మాట అనుకున్నారు. ఆ తర్వాత కాస్టీల్‌తో యుద్ధం ముగించడానికి 1371 మార్చిలో అల్కౌతీం ఒప్పందం చేసుకుని, కాస్టీల్ రాజు ఎన్రీకే కూతురిని చేసుకుంటానన్నాడు. ఆమె పేరు కూడా లియోనోరే.

ఆ ఏడాదే మన లియోనోర్ అక్కను చూడటానికి లిస్బన్ వచ్చింది. అక్క మరియా రాజు చెల్లెలు బియాత్రీస్ పరివారంలో ఉండేది. రాజు అక్కడే ఆమెను చూశాడు. ఆమె అందగత్తె, మాటకారి, తెలివైనదని ఆమె మీద దుమ్మెత్తిపోసినవాళ్లు కూడా రాశారు. రాజు కాస్టీల్‌కు ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నాడు. ఎన్రీకే అప్పటికి పెద్దగా రాద్ధాంతం చేయలేదు. కూతురిని తర్వాత నవార్ రాజ్యానికి కోడలిగా పంపాడు.

మాట తప్పింది రాజు. నింద మోసింది లియోనోర్. ఈ తేడా చాలా పుస్తకాల్లో కనిపించకుండా పోతుంది.

లిస్బన్ జనం ఎందుకు తిరగబడ్డారు?

ఒక యుద్ధం అప్పుడే ముగిసింది. దాని ఖర్చుకు రాజు నాణేల విలువ తగ్గించాడు, ధరలు పెరిగాయి. కాస్టీల్ పిల్లను చేసుకుంటే శాంతి ఉంటుందని ఊపిరి పీల్చుకున్న వర్తకులకు, చేతిపనివాళ్లకు రాజు మనసు మార్చుకున్నాడన్న వార్త పిడుగులా తగిలింది. మళ్లీ యుద్ధం వస్తుందన్న టెన్షన్ వాళ్లది. అది నిజం కూడా అయింది.

ఫెర్నావ్ వాస్కెస్ అనే దర్జీ ముందుండి జనాన్ని రాజభవనం దగ్గరికి నడిపించాడు. పరాయివాడి భార్యను రాణిగా ఒప్పుకునేది లేదని ముఖం మీదే చెప్పారు. మరుసటి రోజు సావ్ డొమింగోస్ మఠంలో జవాబిస్తానని రాజు మాట ఇచ్చాడు. జనం మఠం దగ్గర కాచుకుని ఉంటే, రాజు లియోనోర్‌ను తీసుకుని సాంతరేం వైపు వెళ్లిపోయాడు. తర్వాత వాస్కెస్‌నూ మరికొందరినీ పట్టుకుని చంపించారు, ఆస్తులు లాక్కున్నారు. ఈ శిక్షలు రాణి కక్షతోనే జరిగాయని కథనాలు చెబుతాయి. ఆజ్ఞ ఇవ్వగల అధికారం మాత్రం రాజుది.

రాజుతో పెళ్లి ఎక్కడ జరిగింది? అందరూ ఒప్పుకున్నారా?

1372 మేలో, పోర్టోకు దగ్గర్లో ఉన్న లేసా దో బాలియో మఠంలో జరిగింది. లిస్బన్ నుంచి అంత దూరం వెళ్లి చేసుకోవడంలోనే భయం కనిపిస్తుంది. రాజు ఆమెకు స్త్రీధనంగా అలెంకేర్, సింత్రా, ఓబిదోస్, తోరెస్ వెద్రాస్ లాంటి పట్టణాలను వాటి ఆదాయంతో సహా రాసిచ్చాడు. అంటే పెళ్లితో పాటు ఆమెకు సొంత డబ్బు, సొంత మనుషులు, సొంత కోటలు వచ్చాయి. తర్వాతి కథ అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి.

ప్రభువులు ఒక్కొక్కరే వచ్చి కొత్త రాణి చేతిని ముద్దు పెట్టుకుని విధేయత తెలిపారు. రాజు సవతి తమ్ముడు దినీస్ మాత్రం ససేమిరా అన్నాడు. రాజు కోపంతో కత్తి దూయబోయాడని చెబుతారు. దినీస్ కాస్టీల్‌కు వెళ్లిపోయాడు.

ఆమెకు పిల్లలు ఎంతమంది?

మొదటి భర్త వల్ల ఆల్వారో. రాజు వల్ల పుట్టి బతికింది ఒక్క బియాత్రీస్. 1382లో పుట్టిన మగబిడ్డ కొద్ది రోజులకే పోయాడు. ఆ బిడ్డ దక్కి ఉంటే పోర్చుగల్ చరిత్ర వేరేగా ఉండేది.

బియాత్రీస్ 1373 ఫిబ్రవరిలో కోయింబ్రాలో పుట్టింది. అప్పుడే కాస్టీల్ రాజు ఎన్రీకే సేనతో దేశంలోకి చొరబడి లిస్బన్ మీదికి వెళుతున్నాడు. పాత గోడకు బయట ఉన్న లిస్బన్ వీధులు ఆ దాడిలో తగలబడ్డాయి. ఆ దెబ్బతోనే రాజు నగరం చుట్టూ కొత్త గోడ కట్టించాడు. రెండేళ్లలో పూర్తయిన ఆ గోడే పదేళ్ల తర్వాత లిస్బన్‌ను కాపాడింది.

ఆ పిల్ల బాల్యమంతా పెళ్లి ఒప్పందాలే. మూడేళ్లు నిండాక కాస్టీల్ రాజు అక్రమ సంతానమైన ఫద్రీకేతో నిశ్చయించారు. తర్వాత కాస్టీల్ యువరాజు ఎన్రీకేతో. 1381లో ఇంగ్లండుతో స్నేహం కుదిరినప్పుడు కేంబ్రిడ్జ్ ప్రభువు కొడుకు ఎడ్వర్డుతో. 1382లో మళ్లీ కాస్టీల్‌తో శాంతి కుదిరి, అక్కడి రాజు రెండో కొడుకు ఫెర్నాండోతో. ఇంతలో ఆ రాజు హువాన్ (ముందటి రాజు ఎన్రీకే కొడుకు) భార్య చనిపోయింది. కొడుక్కు అనుకున్న పిల్లను తండ్రికే ఇద్దామన్నారు. 1383 మేలో పదేళ్ల బియాత్రీస్‌ను ఆయనకు ఇచ్చి పెళ్లి చేశారు. పొత్తులు మారినప్పుడల్లా వరుడు మారాడు. నాకు ఈ కథ మొత్తంలో అందరికంటే జాలి కలిగించే మనిషి ఈ పాపే.

రాణిగా ఆమె నిజంగా రాజ్యం నడిపిందా?

చాలావరకు నడిపింది. ఫెర్నాండో చివరి ఏళ్లలో జబ్బుపడ్డాడు. ఆమె ముఖ్యమైన కోటలను, బిరుదులను తనవాళ్ల చేతుల్లో ఉంచింది. అన్నదమ్ముల్లో జువావ్ అఫోన్సో బార్సెలోస్ కౌంటు, లిస్బన్ కోట అధిపతి అయ్యాడు. గొన్సాలో నేయివా కౌంటు అయ్యాడు, కోయింబ్రా అతని చేతిలో ఉండేది. తనవాళ్లు కాని ప్రభువులకు కూడా పెళ్లిళ్లు కుదిర్చి, కానుకలిచ్చి దగ్గర చేసుకుంది. ఇది స్వార్థమేనా అంటే అవును. అయితే అప్పటి ప్రతి రాజూ, ప్రతి రాణీ చేసిన పనే.

నూనో ఆల్వారెస్ పెరేరా సంగతి చెప్పాలి. తర్వాత కాస్టీల్ సేనలను ఓడించి పోర్చుగల్‌కు వీరుడైన మనిషి. కుర్రవాడిగా కొలువుకు వచ్చినప్పుడు అతన్ని వీరుడిగా తొలిసారి ఆయుధాలతో అలంకరించింది లియోనోరే. చిన్నవాడి ఒంటికి సరిపోయే కవచం దొరక్క, రాజు సవతి తమ్ముడు జువావ్ కవచం తెప్పించారట. ఆ జువావ్, ఈ నూనో కలిసి పదేళ్లకు ఆమె పాలనను కూలదోశారు.

అక్క మరియాను చంపించింది లియోనోరేనా?

ఆమె మీద ఉన్న ఆరోపణల్లో అన్నిటికన్నా బరువైనది ఇది. కాస్త వివరంగా చూద్దాం.

మరియా మొదటి భర్త ఆల్వారో దియాస్ ద సూజా పోయాక, ఆమె రాజు సవతి తమ్ముడైన రాకుమారుడు జువావ్‌ను రహస్యంగా పెళ్లాడింది. ఇతను ఫెర్నాండో తండ్రి పెద్రో రాజు ప్రేమించిన ఇనెస్ ద కాస్త్రో కొడుకు. పైన చెప్పిన కవచం జువావ్ వేరు, ఇతను వేరు. ఇతను జనంలో మంచి పేరున్నవాడు. ఫెర్నాండోకు మగపిల్లలు లేరు కాబట్టి తర్వాతి రాజు ఇతనే కావచ్చని చాలామంది అనుకున్నారు. అలా అయితే మరియా రాణి అవుతుంది, బియాత్రీస్‌కు ఏమీ మిగలదు.

కథనం ప్రకారం, లియోనోర్ తన సోదరుడి ద్వారా మరిదికి ఆశ పెట్టించింది: మరియా అడ్డు లేకపోతే బియాత్రీస్‌ను నీకే ఇస్తాం, రాజ్యం నీదవుతుంది అని. మరియా శీలం మంచిది కాదని చెవిలో నూరిపోశారు. 1379లో అతను తెల్లవారుజామున కోయింబ్రాలో భార్య ఉన్న ఇంటి తలుపులు బద్దలు కొట్టించి లోపలికి వెళ్లాడు. ఆమె దుప్పటి చుట్టుకుని ఎదురొచ్చింది. సంజాయిషీ చెప్పుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా పొడిచి చంపాడు. తర్వాత రాజు క్షమించాడు. బియాత్రీస్‌ను మాత్రం ఇవ్వలేదు. మోసపోయానని అనుకున్నాడో, మరియా కొడుకు పగ తీర్చుకుంటాడని భయపడ్డాడో, కాస్టీల్‌కు పారిపోయాడు.

హత్య జరిగింది, చేసింది అతను. ఈ రెండూ నిజం. అతని చేతికి కత్తి ఇచ్చింది లియోనోరే అన్న భాగం మాత్రం దశాబ్దాల తర్వాత ఫెర్నావ్ లోపెస్ అనే చరిత్రకారుడు రాసిన చరిత్ర మీదే నిలబడి ఉంది. ఆమెకు లాభం ఉంది, కాదనలేం. కానీ రాజ్యం మీద ఆశ ఉన్న ఆ భర్తకు కూడా అంతే లాభం ఉంది. అతనికి పక్కనుంచి ఎవరూ నూరిపోయాల్సిన అవసరమే లేదు. చంపినవాడిని మోసపోయిన అమాయకుడిగా, చంపని ఆడమనిషిని అసలు హంతకురాలిగా చూపించే కథను నేను అలాగే నమ్మలేను.

అందేయిరోతో సంబంధం నిజమేనా?

జువావ్ ఫెర్నాందెస్ అందేయిరో కాస్టీల్ రాజ్యంలో భాగమైన గలీసియాలోని కొరూన్యాకు చెందినవాడు. ఫెర్నాండో పక్షాన నిలిచినందుకు ఊరు వదిలి ఇంగ్లండు చేరాడు. 1380లో ఇంగ్లండు పొత్తు మాట్లాడటానికి రహస్యంగా ఎస్త్రెమోస్ వచ్చి ఒక బురుజులో దాక్కున్నాడు. రాజు, రాణి ఇద్దరూ అక్కడికి వెళ్లి అతనితో మంతనాలు జరిపేవారు. సంబంధం అక్కడే మొదలైందని కథనం. బాబాయి చనిపోయాక ఓరేం కౌంటు పదవి అతనికి దక్కింది. జనం నోళ్లు ఊరుకోలేదు.

వాళ్లిద్దరి మధ్య ఏముందో తలుపుల వెనక సంగతి. బయట కనిపించేది ఇది: అతను ఆమెకు నమ్మకమైన మంత్రి. పరాయి దేశస్థుడు, కొత్తగా పైకి వచ్చినవాడు. పాత ప్రభువులకు కంటగింపు. ఈ పుకారు పట్టుకుని బియాత్రీస్ రాజు బిడ్డే కాదన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ కథనమే సంబంధం మొదలైందని చెప్పే 1380 నాటికి బియాత్రీస్ ఏడేళ్ల పిల్ల. ఆ లెక్క ఎవరూ చూడలేదు.

1383 డిసెంబర్ 6న ఏం జరిగింది?

అక్టోబర్ 22న ఫెర్నాండో చనిపోయాడు. పెళ్లి ఒప్పందం ప్రకారం బియాత్రీస్‌కు పుట్టే బిడ్డకు 14 ఏళ్లు వచ్చేదాకా లియోనోర్ పాలించాలి. కానీ బియాత్రీస్ భర్త కాస్టీల్ రాజు. రేపు రెండు రాజ్యాలు కలిసిపోతాయన్న భయం లిస్బన్‌ను పట్టుకుంది. బియాత్రీస్‌ను రాణిగా చాటింపు వేసినప్పుడు కొన్ని ఊళ్లలో జనం ఎదురుతిరిగారు.

ఆల్వారో పాయిస్ అనే పాత రాజోద్యోగి ఒక పథకం వేశాడు. దానికి ముందు నిలిచినవాడు అవీస్ అనే సైనిక మఠానికి (ఆయుధాలు పట్టే సన్యాసుల సంఘానికి) అధిపతి జువావ్, ఫెర్నాండోకు మరో సవతి తమ్ముడు, లియోనోర్‌కు మరిది, పైన చెప్పిన కవచం జువావే. సరిహద్దు కాపలాకు వెళ్లమని ఆమె అతన్ని పంపింది. దారిలోంచి వెనక్కి తిరిగి, ఆయుధాలున్న మనుషులతో రాజభవనంలోకి వచ్చాడు. మాట్లాడాలని అందేయిరోను పక్కకు పిలిచి తలమీద కొట్టాడు. రూయ్ పెరేరా పొడిచి ప్రాణం తీశాడు. అదే సమయంలో ఒక సేవకుడు గుర్రం మీద వీధుల్లో పరుగెత్తుతూ అవీస్ అధిపతిని చంపేస్తున్నారని అరిచాడు. ముందే అనుకున్న అరుపు అది. జనం భవనం మీదికి విరుచుకుపడ్డారు. జువావ్ కిటికీలోంచి కనపడి బతికే ఉన్నానని చెబితే గానీ శాంతించలేదు.

అదే రోజు కథెడ్రల్ దగ్గర గంటలు మోగించలేదని బిషప్ మార్తీన్యోను గోపురం మీదనుంచి తోసేశారు. ఆయన కాస్టీల్‌వాడు. నన్నూ చంపుతారా అని లియోనోర్ కబురు పంపి కనుక్కుందట. భయపడొద్దన్నారు. ఆమె ఆ మాటను నమ్మి కూర్చోలేదు. అలెంకేర్‌కు, అక్కడినుంచి సాంతరేంకు వెళ్లిపోయింది.

మరిదిని పెళ్లి చేసుకోమని అడిగారన్నది నిజమేనా?

అలెంకేర్‌లో ఉన్నప్పుడు అలాంటి రాయబారం వచ్చిందని చరిత్రలో రాశారు. అలా చేస్తే ఇద్దరూ కలిసి పాలించొచ్చు, యుద్ధం తప్పుతుంది అన్నది ఆలోచన. ఆమె ఒప్పుకోలేదు.

అల్లుడితో ఎందుకు చెడింది?

దిక్కుతోచక ఆమె అల్లుడు హువాన్‌ను పిలిచింది. అతను సేనతో వచ్చాడు. 1384 జనవరిలో సాంతరేంలో ఆమె పాలనాధికారం అతనికి అప్పగించింది. అతన్ని అడ్డుపెట్టుకుని తాను నడిపిస్తాననుకుంది. అతను అత్తగారి మాట వినే రకం కాదు. కాస్టీల్‌లోని యూదుల ప్రధాన పెద్ద పదవిని తన మనిషికి ఇమ్మని ఆమె అడిగితే, అతను బియాత్రీస్ కోరిన దావీద్ నెగ్రోకు ఇచ్చాడు. కన్నకూతురే తన మాట కాదనడం ఆమెకు పెద్ద దెబ్బ.

తర్వాత కోయింబ్రా ముందు సేన దిగినప్పుడు, అల్లుడి బంధువు కౌంటు పెద్రోతో కలిసి హువాన్‌ను చంపించే కుట్ర చేసిందన్నారు. కోట లోపల ఉన్నది సోదరుడు గొన్సాలో. గుట్టు రట్టయింది, ఆమెను కాస్టీల్‌లోని తోర్దెసియాస్ సాంతా క్లారా కాన్వెంటుకు పంపారు. ఇక్కడ నా అంచనా ఒకటే: అల్లుడిని నమ్మి అధికారం ఇవ్వడం ఆమె జీవితంలో అసలైన రాజకీయ తప్పు. దానికి ముందు దాకా సాంతరేం, కోయింబ్రా లాంటి కోటలు ఆమె మాట వినేవి. సంతకం పెట్టాక ఆమె దగ్గర బేరమాడటానికి ఏమీ మిగల్లేదు.

ఆమె ఎప్పుడు చనిపోయింది?

పాత పుస్తకాలు 1386లో తోర్దెసియాస్‌లో అంటాయి. తర్వాతి పరిశోధకులు ఆమె బయటికి వచ్చి వయ్యదోలిద్‌లో మరో ఇరవై ఏళ్ల వరకు బతికిందని, 1405-06 ప్రాంతంలో పోయిందని చెబుతున్నారు. నేను రెండోదాని వైపే మొగ్గుతాను.

మిగతా కుటుంబం ఏమైంది?

హువాన్ 1384లో లిస్బన్‌ను ముట్టడించాడు. ఫెర్నాండో కట్టించిన గోడ నిలిచింది. సెప్టెంబర్‌లో శిబిరంలో ప్లేగు చెలరేగి వెనుదిరిగాడు. 1385 ఏప్రిల్‌లో కోయింబ్రా సభ అవీస్ జువావ్‌ను రాజుగా ఎన్నుకుంది. ఆ సభలో న్యాయవాది జువావ్ దాస్ రెగ్రాస్ వాదన: మొదటి భర్త బతికి ఉండగా జరిగిన లియోనోర్ పెళ్లి చెల్లదు, కాబట్టి బియాత్రీస్‌కు హక్కు లేదు. రాజు బతికున్నప్పుడు ఆమెను వారసురాలిగా ఒప్పుకుని ప్రమాణం చేసిన దేశమే పదేళ్లు దాటాక ఆ పెళ్లిని తవ్వి తీసింది.

ఆగస్టు 14న అల్జుబరోటా యుద్ధంలో కాస్టీల్ సేన చిత్తయింది. లియోనోర్ సోదరుడు జువావ్ అఫోన్సో కాస్టీల్ వైపు నిలిచి అక్కడే చనిపోయాడు. అక్క మరియా కొడుకు, క్రైస్ట్ సైనిక మఠాధిపతి లోపో దియాస్ ద సూజా కొత్త రాజు పక్షం చేరాడు. సోదరి జువానా భర్త పిమెంతెల్ తర్వాత కాస్టీల్‌కు మారి బెనవెంతె కౌంటు అయ్యాడు. ఆ వంశం స్పెయిన్‌లో శతాబ్దాల పాటు వెలిగింది. ఒకే ఇంటివాళ్లు రెండు జెండాల కింద చీలిపోయారు.

బియాత్రీస్ 1390లో, 17 ఏళ్లకే విధవరాలైంది. హువాన్ గుర్రం మీదనుంచి పడి చనిపోయాడు. పిల్లలు లేరు. కాస్టీల్‌లోనే రాణి హోదాలో బతికి, 1420 ప్రాంతంలో పోయింది. ఆమె అలబాస్టర్ రాతి సమాధి తోరోలోని సాంక్తి స్పిరితుస్ మఠంలో ఉంది. తాతను నరికిన ఊరు అదే.

ఫెర్నావ్ లోపెస్ రాసినదాన్ని ఎంతవరకు నమ్మాలి?

లియోనోర్ గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆయన చరిత్రల్లోదే. లిస్బన్ రాజపత్రాల భాండాగారానికి ఆయన అధికారి, పత్రాలు స్వయంగా చూశాడు. తేదీలు, ఒప్పందాలు, పేర్ల విషయంలో ఆయనను గౌరవించాలి. రచన కూడా అద్భుతం. జనసమూహం కోపాన్ని ఆయన రాసినట్టు రాసినవాళ్లు ఆ కాలంలో అరుదు.

అయితే 1434లో ఆ పని అప్పగించింది అవీస్ జువావ్ కొడుకు దుఆర్తె రాజు. కొత్త వంశం గద్దె మీదికి రావడం న్యాయమే అని చూపించాలంటే లియోనోర్ పెళ్లి చెడ్డది కావాలి, ఆమె గుణం చెడ్డది కావాలి. ఆంతరంగిక సంభాషణలు, మనసులోని ఉద్దేశాలు ఆయన చెప్పిన ప్రతిచోటా ఆగి ఆలోచించండి. ఫెర్నాండో తండ్రి పెద్రో ఇనెస్ కోసం చేసినవి ప్రేమగాథ అయ్యాయి. లియోనోర్ చేసినవి పాపాల చిట్టా అయ్యాయి.

మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు. ఆమె ఓటమితో గద్దెనెక్కిన అవీస్ వంశమే సముద్రయానాలకు పూనుకుంది. 1498లో కాలికట్ చేరిన వాస్కో డ గామాను పంపిన మాన్యుయెల్ రాజు అవీస్ జువావ్‌కు మునిమనవడు.

ఆమెకు సంబంధించిన చోట్లు ఇప్పుడు చూడొచ్చా?

చూడొచ్చు. లేసా దో బాలియో చర్చి కోటలా బురుజుతో ఇంకా నిలిచి ఉంది. అందేయిరోను చంపిన భవనం లిస్బన్ కథెడ్రల్‌కు కాస్త పైన, లిమోయేరో అనే చోట ఉండేది. తర్వాత శతాబ్దాల పాటు జైలుగా ఉన్న ఆ చోట ఇప్పుడు న్యాయమూర్తులకు శిక్షణ ఇస్తున్నారు. ఫెర్నాండో రాజు రాతి సమాధి లిస్బన్‌లోని కార్మో పురావస్తు మ్యూజియంలో ఉంది. ఆయన కోరిక మేరకు మొదట సాంతరేంలోని ఫ్రాన్సిస్కన్ మఠంలో ఉండేది, పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి తరలించారు. కార్మో మఠాన్ని కట్టించింది నూనో ఆల్వారెస్. స్పెయిన్ వైపు వెళ్తే తోర్దెసియాస్, తోరో రెండూ దువేరో నది ఒడ్డునే, పక్కపక్క ఊళ్లలా ఉంటాయి. తల్లి కాన్వెంటు, కూతురి సమాధి రెండింటినీ ఒకే రోజులో చూసి రావొచ్చు.